కండక్టరు తాత తిట్లు, నా మర్యాదలు

ఆ రోజుల్లో ముక్కూమొహం తెలియని మనిషి మీద కోపం రావాలంటే కొంత కష్టపడాల్సి వచ్చేది. ఇప్పుడైతే పొద్దున పళ్ళు తోముకునేలోపే ఫోన్లో నలుగురి మీద కోపం తెచ్చుకుని, ఇద్దరిని కడిగేసి, ఒకరిచేత కడిగించుకుని, ఇడ్లీలు చల్లారేలోపు అంతా మరిచిపోవచ్చు. అప్పుడు అలా కాదు. కంప్యూటరు ఉన్నచోటికి వెళ్ళాలి, కరెంటు ఉండాలి, నెట్టు రావాలి. అన్నీ కుదిరి బ్లాగు తెరుచుకున్నాక మన కోపాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, అది తెలుగులోకి మారాక ఒత్తులూ దీర్ఘాలూ సరిచేసుకునేసరికి సగం కోపం ఒత్తుల మీదికి మళ్ళిపోయేది. అందుకే అప్పటి రాజకీయ బ్లాగుల్లో ఎడమవాళ్ళూ కుడివాళ్ళూ ఎంత కొట్టుకున్నా ఒక మర్యాద ఉండేదని మా ఈడువాళ్ళు చెప్పుకుంటూ ఉంటారు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఎందుకంటే ఆ మర్యాదలో కొంత ఎక్కడ తయారైందో నాకు తెలుసు. తిరుపతిలో ఒక పాత్రల అంగడి మేడమీద, కిటికీ పక్కన కంప్యూటరు ముందు కూర్చుని, దాన్ని తయారుచేసింది నేనే.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయి, ఆరునెలల కంప్యూటరు కోర్సు కూడా చేసి, చంద్రగిరిలో మా ఇంట్లో ఊరికే ఉన్నాను. మా నాయనకు తెలిసిన ఒక పెద్దమనిషికి తిరుపతిలో పాత్రల అంగడి ఉండేది. ఆయన వాళ్ళ నాన్న జ్ఞాపకార్థం అంగడి మేడమీద ఒక రీడింగ్ రూం పెట్టి, దానికి తానే సెక్రటరీ అయ్యారు. (అధ్యక్షుడూ ఆయనే. అందుకని మీటింగులు తొందరగా అయిపోయేవి.) రెండు పొడుగు బల్లలు, ఆరు పేపర్లు, గోడమీద 'నిశ్శబ్దం' అన్న బోర్డు, దాని కింద మాట్లాడుకుంటూ కూర్చునే పదిమంది రిటైరైన పెద్దలు. కుర్రాళ్ళు రావడం లేదని బాధపడి సెక్రటరీ గారు ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు తెప్పించారు. కుర్రాళ్ళు పరీక్షల ఫలితాలు చూసుకోవడానికి ఏడాదికి రెండు రోజులు వచ్చేవాళ్ళు. మిగిలిన రోజుల్లో ఆ కంప్యూటరుకు తోడుగా నన్ను కూర్చోబెట్టారు.

అలా ఉండగా ఒక పెద్దాయన బెంగుళూరులో కూతురింటికి వెళ్ళొచ్చి, "బ్లాగులనేవి ఉండాయంట పాపా. పేపర్లో రానివన్నీ వాటిల్లో వస్తాయంట. ఒకటి తీసి ఇయ్యి, సూద్దాం" అన్నాడు. నేను వెతికి, మొదట కనిపించినదాన్ని అచ్చుతీసి, పిన్ను కొట్టి బల్లమీద పెట్టాను. అది కుడిపక్షం వాళ్ళదని నాకేం తెలుసు. మర్నాటికి సలహాల పుస్తకంలో ఎర్ర సిరాతో ఒక సలహా ఉంది: "ఇది రీడింగ్ రూమా, ఒక పక్షం వాళ్ళ భజన మందిరమా?"

ఎర్ర పెన్ను ఎవరిదో అందరికీ తెలుసు. కండక్టరు తాతది. ముప్పై ఏళ్ళు బస్సుల్లో టికెట్లు కొట్టి, యూనియన్లో జెండాలు మోసి, రిటైరై, తొమ్మిది గంటలకల్లా రీడింగ్ రూంలో హాజరు వేయించుకునే మనిషి. బతుకంతా "రైట్, రైట్" అని అరిచి కూడా ఎడమపక్కే నిలబడినవాడు ఈయనొక్కడే అని మిగతావాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన గొంతు చివరి సీటుదాకా వినబడడానికి తయారైన గొంతు. గుసగుసగా మాట్లాడినా కింద పాత్రల అంగట్లో బేరం ఆగేది. నోటి దురుసు చెప్పనక్కరలేదు. అయితే తాను తిట్టినవాడికి తానే నీళ్ళు ముంచి ఇచ్చేవాడు కూడా.

సలహా చదివి సెక్రటరీ గారు భయపడ్డారు. "పాపా, ఎడమోళ్ళవీ పెట్టు, కుడోళ్ళవీ పెట్టు, నడిమధ్యన ఎవరన్నా ఉంటే వాళ్ళవీ పెట్టు. చదవదగిన బ్లాగులు ఇవీ అని ఒక చార్టు మీద రాసి గోడకు అంటించేయ్. ఎవరూ అలగకూడదు. నా అంగట్లో అన్ని పక్షాలవాళ్ళూ బిందెలు కొంటారు" అన్నారు.

ఎడమేదో కుడేదో నాకు తెలిస్తే కదా. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, చెనక్కాయలు ఒలుస్తున్న మా నాయన్ని అడిగాను. "నాయనా, ఎడమపక్షం, కుడిపక్షం అంటే ఏంది?"

"దాపటెద్దు, వలపటెద్దు మాదిరి" అన్నాడు ఆయన తలెత్తకుండా. "యా పక్క కట్టినా మడక లాగాల్సిందే గదా."

"మరి మనం యా పక్క?"

"మనమా? మడక ఎనకాల."

ఈ నాగలి సంగతి చార్టు మీద రాయడానికి పనికిరాలేదు. పదిహేను రోజులు కూర్చుని నేనే చదివాను. మొదటిరోజు ఎడమవాళ్ళ బ్లాగు చదివి, లోకమంతా ఇంత అన్యాయంగా ఉందా అని బస్సులో కిటికీ పక్కన దిగులుగా కూర్చున్నాను. రెండోరోజు కుడివాళ్ళది చదివితే వాళ్ళు చెప్పిందీ నిజమే అనిపించింది. మూడోరోజు నడిమధ్యవాడు వచ్చి ఇద్దరూ తప్పన్నాడు, అదీ బాగానే ఉంది. చివరికి తేలిందేమిటంటే, ఎవరు మంచి తెలుగు రాస్తే నేను వాళ్ళ పక్షం. (ఇప్పటికీ ఈ జబ్బు పూర్తిగా నయం కాలేదు.) చార్టు మీద మూడు వరుసలు గీసి ఎనిమిది బ్లాగుల పేర్లు రాశాను. అంటించిన అరగంటలో గొడవ మొదలైంది. ఒకదాన్ని దాని పేజీ ఎర్రగా ఉండటం చూసి ఎడమ వరుసలో పెట్టాను. "వీడినెందుకు పాపా మా పక్కన కూసోబెట్టినావు?" అని కండక్టరు తాత నిలదీశాడు. తీరా చదివితే ఆ బ్లాగరు కార్మిక సంఘాలన్నిటినీ ఎత్తేయమంటున్నాడు. నడిమధ్య వరుసలో ఉన్నవాళ్ళను ఎడమవాళ్ళు కుడిలోకీ, కుడివాళ్ళు ఎడమలోకీ నెట్టేశారు. సెక్రటరీ గారు ఎందుకైనా మంచిదని అన్నిటికన్నా పైన ఒక భక్తి బ్లాగు పేరు రాయించారు. దాన్ని తీసేయమనే ధైర్యం తిరుపతిలో ఎవరికీ ఉండదని ఆయన లెక్క. ఆ ఒక్క లెక్క మాత్రం తప్పలేదు.

కుడివరుసలో మొదటి పేరు గోదావరి జిల్లా నుంచి రాసే ఒక రిటైరైన లెక్కల లెక్చరరుది. మేం ఆయన్ని లెక్కల మాస్టారు అనేవాళ్ళం. బ్లాగు పైన ఆయన ఫొటో ఉండేది: తెల్లటి ఒత్తు జుట్టు, దాన్ని మించిన మీసం. ప్రతి వ్యాసంలోనూ ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, చివర "కనుక" అని మొదలుపెట్టి తేల్చేసేవారు. నష్టం వచ్చేదాన్ని ఏదైనా సరే మూసేయాలన్నది ఆయన సిద్ధాంతం. సోమవారం, గురువారం నేను కొత్త వ్యాసాలు అచ్చుతీసి బల్లమీద పెట్టేదాన్ని. పెద్దలు చదివి పక్కనున్న ఖాళీలో తమ అభిప్రాయాలు రాసేవాళ్ళు. మాస్టారి వ్యాసం మాత్రం కండక్టరు తాత చేతిలోంచి బయటికొచ్చేసరికి నాలుగువైపులా ఎర్రగా కందిపోయి ఉండేది.

ఒకరోజు తాత ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "మ్మే పాపా, ఇంత రాస్తా ఉండా, ఇది ఆయప్పకు చేరేదెట్లా?"

వ్యాసం కింద వ్యాఖ్య రాయొచ్చు తాతా అని చెప్పాను. ఆ మాట ఎందుకు చెప్పానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

"అయితే ఎక్కించు" అన్నాడు.

కాగితం చూశాను. మొదటి వాక్యం: "నువ్వు లెక్కలు చదివింది ఏ బర్రెల కొట్టంలోనో ముందు అది చెప్పు." రెండోది: "నీ తలకాయలో ఉండేది మెదడా, గుమ్మడికాయ గుజ్జా?" మూడోది నేను ఇప్పటికీ రాయలేను. వ్యాఖ్య వెళ్ళేది రీడింగ్ రూం పేరున్న ఖాతా నుంచి. ఇక్కడి నుంచి ఎవరినైనా తిట్టినట్టు తెలిస్తే ఆ రోజే కంప్యూటరు అమ్మేస్తానని, నన్ను పంపించేస్తానని సెక్రటరీ గారు మొదటిరోజే చెప్పి ఉన్నారు. అలాగని తాతకు కుదరదని చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని నడిమధ్య దారి పట్టాను. బర్రెల కొట్టం వాక్యాన్ని, "తమరు ఈ విషయాన్ని ఎక్కడ అధ్యయనం చేశారో తెలుసుకోవాలని కుతూహలంగా ఉంది" అని కొట్టాను. గుమ్మడికాయను, "తమ అభిప్రాయం పునఃపరిశీలించదగినది" అని మార్చాను. చివర తాత "థూ" అని రాసి ఊరుకున్నాడు. అక్కడ "నమస్కారములతో" అని పెట్టాను. సంతకం ఆయన "మాజీ కండక్టరు" అని పెట్టాడు. అది అంత గంభీరంగా లేదనిపించి "ఒక పాఠకుడు, తిరుపతి" అని సవరించాను. పంపించాక రెండుసార్లు చదువుకుని, నా తెలుగుకు నేనే మురిసిపోయాను.

రెండు రోజుల్లో జవాబు వచ్చింది. అచ్చుతీసి తాతకు ఇచ్చాను. "మీవంటి సంస్కారవంతులైన విమర్శకులు దొరకడం నా అదృష్టం" అని ఉంది. తాత కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. "నేను ఇంత తిడితే వీడేంది, ఇట్ల మాట్లాడతాడు?" అని కాసేపు ఆలోచించి, "దెబ్బ గట్టిగా తగిలింది" అని తీర్మానించాడు. ఆ రోజు పెద్దలందరికీ ఆ జవాబు చదివి వినిపించాడు. గట్టిగా మాట్లాడితేనే కుడివాడు దారికొస్తాడని అప్పటినుంచి ఆయన సిద్ధాంతం. వారం వారం తిట్లు పెరిగాయి. వారం వారం నా మర్యాదలూ పెరిగాయి. ఆయన రెండు పేజీలు రాస్తే, తిట్లు ఏరేసి, తిట్ల పక్కనున్నవి కూడా ఎందుకొచ్చిన తంటా అని తీసేసి, నేను నాలుగు వాక్యాలు పంపేదాన్ని. (ఎడమకూ కుడికీ మధ్య వంతెన కడుతున్నానని ఆ ఇరవై రెండేళ్ళ పిల్లకు గట్టి నమ్మకం. బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు ఒక్కోసారి దేశం గురించి కూడా ఆలోచించేది.)

ఆరునెలలు అలా గడిచాయి. తిరుపతిలో ఉండేవాళ్ళు ఎవరితోనూ గొడవపడకూడదన్న ఇంగితం నాకు లేకపోయింది. దేశంలో ఎవరైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు కొండకు రాకుండా ఉంటారా. ఒకరోజు మాస్టారి జవాబు కింద ఇంకో వాక్యం ఉంది: "వచ్చే వారం దర్శనానికి వస్తున్నాను. మీ రీడింగ్ రూంకి వచ్చి మిమ్మల్ని కలుసుకోవాలని ఉంది."

నేను ఆ జవాబు అచ్చుతీయలేదు. పాఠకుడి పేరుతో నేనే గబగబా రాసేశాను: "క్షమించాలి. కొంతకాలంగా ఒంట్లో బాగుండటం లేదు. రీడింగ్ రూంకి రాలేకపోతున్నాను." పంపించి, గట్టెక్కాననుకుని, కిందికెళ్ళి నిమ్మకాయ సోడా తాగొచ్చాను.

తరువాతి గురువారం పొద్దున పదకొండు గంటలప్పుడు ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. కొత్తగా చేయించుకున్న గుండు, దానిమీద చందనం, చేతిలో ఆపిల్ పళ్ళ సంచి, భుజాన ఇంకో సంచి. తిరుపతిలో గుండు మనిషిని ఎవరు రెండోసారి చూస్తారు. నేనూ చూడలేదు. చూసింది కండక్టరు తాతే. యాత్రికులు కనబడితే ఆయనకు మళ్ళీ ఉద్యోగంలో చేరినట్టుండేది.

"రాప్పా, మెట్లెక్కొచ్చినావు, ఫ్యాను కింద కూసో. నీళ్ళు ఆడ కుండలో ఉండాయి. దర్శనం బాగా అయిందా?"

"అయిందండి. తొందరగానే అయిపోయింది" అన్నాడాయన. "మధ్యాహ్నం కాళహస్తి వెళ్దామనుకుంటున్నానండి."

"కాళాస్తికా? రెండు గంటల బస్సు ఎక్కొద్దు. ఊరూరా నిలబెడతాడు. రెండున్నరది పట్టు. ఎడమపక్క సీట్లో కూసో, అదే మంచిది." (ఎండ సంగతి చెబుతున్నాడంతే, రాజకీయం కాదు.)

ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. మోకాళ్ళ నొప్పులు, మనవళ్ళు, కొండమీద చలి. ఇద్దరికీ కాఫీలో చక్కెర మానేయమని డాక్టర్లు చెప్పారట, ఇద్దరూ మానలేదట. తాత తన సంచిలోంచి మురుకులు తీసి పెట్టాడు. అప్పుడు ఆయన చేతులు తుడుచుకుని అడిగాడు. "ఇక్కడికి ఒక పెద్దాయన వచ్చేవారటండి. నా బ్లాగులో వ్యాఖ్యలు రాస్తారు. ఒంట్లో బావుండలేదని తెలిసింది. ఇంటి అడ్రసు ఎవరైనా చెబితే చూసి పోదామని."

ఆపిల్ పళ్ళు ఎందుకో నాకు అప్పుడర్థమైంది.

"ఎవరప్పా అది? ఈడ ఎవరికీ బాగలేక పోలేదే" అన్నాడు తాత.

"పేరు రాయరండి. 'ఒక పాఠకుడు' అని పెడతారు. చాలా సంస్కారం గల మనిషి. ఇవిగో, వ్యాఖ్యలన్నీ అచ్చు తీసి దాచుకున్నాను" అని ఆయన సంచిలోంచి ఒక ఫైలు తీశాడు.

తాత కళ్ళజోడు పెట్టుకుని ఫైలు తెరిచి, అలవాటుగా పైకే చదివాడు. "'గౌరవనీయులైన మాస్టారికి నమస్కారములు. తమ వ్యాసం మిక్కిలి ఆలోచింపజేసినది. కాని తమ అభిప్రాయం పునః... పునఃపరిశీలించదగినది...'" ఆ గొంతులో ఆ మాటలు వినడం, దున్నపోతుకు పట్టుచీర కట్టినట్టుంది. పేజీ పైన వ్యాసం పేరు, దాని తేదీ ఉన్నాయి. ఆ వ్యాసం చుట్టూ తానేం రాశాడో తాతకు గుర్తొచ్చినట్టుంది. ఎదురుగా ఉన్న గుండు వైపు చూశాడు. అక్కడ లేని జుట్టునూ మీసాన్నీ ఒక్కొక్కటే అతికించుకుంటున్నట్టు చూశాడు. "లెక్కల మాస్టారు..."

"నేనేనండి. గుండు కదండీ, గుర్తుపట్టలేరు."

తర్వాత తాత మెల్లగా నావైపు తిరిగాడు. నేను కీబోర్డులో అక్షరాలు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుంటున్నాను. పక్క బల్ల దగ్గర రిటైరైన పోస్ట్‌మాన్ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు గానీ ఆ పేపరు వణుకుతోంది. సరిగ్గా అప్పుడే, ఎవరో బ్లాగరు వచ్చారట అని సెక్రటరీ గారు కాఫీలు తీసుకుని పైకి వచ్చారు. నా ఉద్యోగం అయిపోయిందని తేలిపోయింది. మా నాయనకు ఏమని చెప్పాలో మాటలు వెతుక్కోవడం కూడా మొదలుపెట్టాను.

"నేనే" అన్నాడు తాత. "రాసింది నేనే."

మాస్టారు లేచి రెండు చేతులూ పట్టుకున్నారు. "మీరేనాండీ? మరి ఒంట్లో బావుండలేదన్నారు?"

తాత మళ్ళీ నావైపు చూశాడు. "ఆ. నాకు కూడా ఇప్పుడే తెలిసింది. పొద్దున్నే బాగయింది."

ఆపిల్ పళ్ళు బల్లమీదికి చేరాయి. సెక్రటరీ గారు సంతోషంగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మాస్టారు తన సిద్ధాంతం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. తాత వింటున్నాడు. మెడ నరాలు లేస్తున్నాయి. నోరు తెరిచి, సంస్కారం గుర్తొచ్చి మూసుకుని, నన్ను పిలిచాడు. "పాపా, గుమ్మడికాయకు నేనేమని రాస్తాను?"

"పునఃపరిశీలించదగినది, తాతా" అన్నాను వినీ వినపడకుండా.

"ఆ. తమరి మాట అదే. అది చెయ్యదగినది."

"మీరు అలసిపోతున్నట్టున్నారు. నెమ్మదిగా మాట్లాడండి" అన్నారు మాస్టారు జాలిగా. పేపరు వెనక పోస్ట్‌మాన్‌కు దగ్గు వచ్చింది. అలా ఇంకో రెండు మూడుసార్లు తాత నన్ను అడగడం, నేను చెప్పడం, ఆయన దాన్ని సగం మింగి సగం పలకడం జరిగాయి. ఇలాగే రెండున్నర దాకా గడిచిపోతే చాలని నేను కొండకు మొక్కుకున్నాను.

అప్పుడు మాస్టారు అన్నారు, "మీ వ్యాఖ్యల్లో ఒకే ఒక్క లోపం చెప్పనాండీ? మరోలా అనుకోకండి. భాష ఎంతో బావుంటుంది. కానీ అందులో మనిషి కనబడడు. పల్లెలకి బస్సులుండాలంటారు. ఎవరికి, ఎందుకు? ఒక్క ఉదాహరణైనా ఇవ్వరు. అదే మీ పక్షం వాళ్ళతో చిక్కండి. అంతా సిద్ధాంతం."

తాత ఫైలు ముందుకు లాక్కుని పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగి వేలు పెట్టాడు. నేను కూర్చున్న చోటికి కనబడకపోయినా అదేమిటో నాకు తెలుసు. నష్టం వచ్చే రూట్ల మీద మాస్టారు రాసిన వ్యాసానికి తాత వెనకా ముందూ రెండు వైపులా నింపి ఇచ్చిన జవాబు అది. అందులో తిట్టుకూ తిట్టుకూ మధ్య ఒక పిల్ల ఉంది. తిట్లు విడదీయడం కష్టమై, పొద్దుపోతోందని, మొత్తం కొట్టేసి నేను ఒక వాక్యం పంపాను: "గ్రామీణ రవాణా ప్రాధాన్యతను కూడా పరిశీలించగలరని మనవి." తాత ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. ఈసారి పైకి కాదు.

తర్వాత కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఉదాహరణ గావాల్నా నీకు? ఇనుకో" అన్నాడు. తమరు పోయి నువ్వు వచ్చింది. "పలమనేరు అవతల ఒక పల్లెకు ఏడేండ్లు పోయినా నేను. పొద్దున ఏడు గంటల బస్సు. ఎక్కేది పదకొండు మంది, అయిదు పాల క్యాన్లు. నష్టమే, కాదన్లా. ఆ పదకొండు మందిలో ఒక పిల్ల. తొమ్మిదో తరగతి. రోజూ పరిగెత్తుకుంటా వచ్చేది, దాని కోసరం నేను విజిలు ఊదకుండా నిలబెట్టేవాణ్ణి, డ్రైవరు నన్ను తిట్టేవాడు. నీ మాదిరి లెక్కలేసే ముండమోపి తలకాయ ఎవడో యాడ్నో కూసోని బస్సు తీసేసినాడు. మూడేండ్లకు పలమనేరు టమోటా మండీలో కనపడింది ఆ పిల్ల. నెత్తిన పెట్టె. నన్ను సూసి నవ్వి, కండక్టరు మామా, మా బస్సు మళ్ళా ఏస్తారా అని అడిగింది. అప్పటికి దానికి బడి యాడిది, బస్సు యాడిది. అయినా అడిగింది. ఏం జెప్పేది? నీ ఒకటి రెండు మూడులో అది ఎన్నో నంబరో నువ్వు జెప్పు."

గోడమీది 'నిశ్శబ్దం' బోర్డు అక్కడికొచ్చాక మొదటిసారి దాని మాట నెగ్గింది. సెక్రటరీ గారు కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయారు. తిట్టు ఆయనకు వినబడిందో లేదో తెలియదు. మాస్టారు తన గుండు మీద చెయ్యి వేసి కాసేపు నిమురుకున్నారు.

"అయినా నష్టం వచ్చే బస్సుని ఎంతకాలం నడుపుతారండి" అన్నారు చివరికి, గొంతు తగ్గించి.

"ఆ పిల్ల పదో తరగతి పాసయ్యేదాకా నడపరాదా?" అన్నాడు తాత.

"అలా అయితే ఇంకో పల్లె, ఇంకో పిల్ల ఉంటుంది కదండీ."

"ఉంటాది. ఆడికీ నడుపు."

అక్కడినుంచి వాళ్ళిద్దరూ నా సాయం లేకుండా వాదించుకున్నారు. మాస్టారికీ గొంతు ఉందని తెలిసింది. రెండున్నర బస్సు పోయింది, మూడు గంటలదీ పోయింది. ఎవరూ ఎవరి మాటా ఒప్పుకోలేదు. ఆఖరుకి తాత, "కాళాస్తిలో మళ్ళా ఆలస్యమైతాది, పాండి" అని ఆయన సంచి తానే భుజాన వేసుకుని బస్టాండుదాకా వెళ్ళి, ఎడమపక్క సీట్లో కూర్చోబెట్టి వచ్చాడు.

మర్నాడు ఉదయం నేను తొమ్మిదికి ముందే వెళ్ళి కూర్చున్నాను. తాత వచ్చాడు, పేపరు ముట్టుకోకుండా నా ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఆయన తిడితే బాగుండునని నా జీవితంలో అప్పుడే అనుకున్నాను.

"నేను రాసింది రాసినట్టు ఎక్కించలేదు" అన్నాడు.

"తిట్లు ఉండినాయి తాతా. సెక్రటరీ సార్ పంపించేస్తాడని..."

"తిట్లు తీసెయ్. నేను వద్దన్నానా? నా నోరు నాకే బాగుండదు, మా ఇంట్లో ఆయమ్మ కూడా ముప్పై ఏండ్లుగా తీసేస్తానే ఉండాది." ఆగాడు. "ఆ పిల్లనెందుకు తీసేసినావు? అది నిన్నేమన్నా తిట్టిందా?"

నాకు ఏడుపు రాబోతే ఆయనే లేచి కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చాడు. తర్వాత కూర్చుని ఆ పిల్ల సంగతి మొదటినుంచి మళ్ళీ చెప్పాడు, నేను కొట్టాను. తిట్టు వచ్చినచోట నేను ఆగి చూసేదాన్ని. ఆయన కాస్త ఆలోచించి, "వద్దులే" అనేవాడు. ఒక్కచోట మాత్రం, "అది ఉండనీ, అది లేకుంటే మాట నిలబడదు" అన్నాడు. ఉంచాను. సంతకం మాజీ కండక్టరు. తొందరలో రెండు మూడు ఒత్తులు తప్పుపోయాయి, దిద్దలేదు. మాస్టారి జవాబు మర్నాడే వచ్చింది: "ఈ గొంతు మొన్న విన్నదే. ఇదే బావుంది. అయినా ఒప్పుకోను." తాత ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చదివి వినిపించలేదు.

ఆ తర్వాత రెండేళ్ళకు నాకు బళ్ళో టీచరు ఉద్యోగం వచ్చి ఆ మేడ దిగిపోయాను. బ్లాగులు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి. నా చార్టులోని ఎనిమిదింటిలో ఇప్పుడు తెరుచుకునేది మాస్టారిదొక్కటే. ఏళ్ళ కిందటి చివరి వ్యాసం దగ్గర, వాకిలి తీసిపెట్టి ఊరెళ్ళిన ఇల్లులా ఉంటుంది. మొన్న మా అమ్మాయి కాలేజీలో చర్చాపోటీకి పల్లె బస్సుల మీద ఏదైనా కావాలంటే దాన్ని తెరిచి ఇచ్చాను. అది చాలాసేపు చదువుకుంది. కండక్టరు తాత వ్యాఖ్య దగ్గర ఆగి, "అమ్మా, ఇది సూడు, ఎంత బాగుండాదో" అని నాకే చదివి వినిపించింది, తప్పుపోయిన ఒత్తులతో సహా. నేను ఏమీ తెలియనట్టు విన్నాను. తర్వాత అది ఇంకా కిందికి, ఇంకా పాతవాటిలోకి వెళ్ళి మొహం చిట్లించింది.

"'తమ అభిప్రాయం పునఃపరిశీలించదగినది' అంట. ఈ తిరుపతి పాఠకుడు ఎవరమ్మా, ఇంత చప్పగా రాసినాడు? ఉప్పూ లేదు, కారమూ లేదు."

కళ్ళజోడు సర్దుకుని, ఆ వాక్యాన్ని ఇంకోసారి చూసుకున్నాను. నిజం చెప్పాలంటే సమాసం చక్కగానే కుదిరింది.

"ఎవరో ఏమో" అన్నాను. "చిన్న వయసు అయ్యుంటాదిలే, పాపం."